నలభై ఒక్క బుధవారాలు

మేనేజరు టాల్మన్ మైకులో తన పేరు పిలిచేసరికి ఎర్విన్ బుడ్నిక్ నోట్లో బంగాళాదుంప ముక్క ఉంది. నమలడం ఆపి చుట్టూ చూశాడు. క్యాంటీన్ నిండా నూటపది మంది ఉన్నారు. అందరూ అతని వంకే చూస్తున్నారు.

"రండి ఎర్విన్, మొహమాటపడకండి," అన్నాడు టాల్మన్. "ఈయన కాటా దగ్గర ముప్పై ఒక్క ఏళ్ళుగా ఉన్నారు. మనం కాల్చే ప్రతి పౌను బొగ్గూ ఈయన కళ్ళ ముందు నుంచే బట్టీలోకి పోతుంది. ఈయన కాటాను నమ్మకంగా చూసుకున్నారు కాబట్టే ఇవాళ మన మాట బయటివాళ్ళు నమ్ముతున్నారు."

ఎర్విన్ లేచాడు. నోట్లో ముక్క గుటుక్కున మింగాడు.  టాల్మన్ అతని చేతిలో ఆకుపచ్చ జాకెట్ పెట్టాడు. దాని గుండె మీద చిన్న ఆకు, ఆకు కింద "తొమ్మిది శాతం" అని కుట్టి ఉంది. హార్లన్ సున్నం కంపెనీ మూడేళ్ళలో తన బొగ్గు మసిని, కార్బన్‌ని తొమ్మిది శాతం తగ్గించిందని దానర్థం. సున్నం కొనే ఉక్కు మిల్లుల వాళ్ళకు పది శాతం తగ్గిస్తామని మాట ఇచ్చారు. ఇంకొక్కటే మిగిలింది.

అందరూ చప్పట్లు కొట్టారు. ముందు వరసలో మార్సీ పిలార్స్కీ నిలబడి మరీ కొట్టింది. కంపెనీ కార్బన్ రిపోర్టు రాసేదీ, కింద సంతకం పెట్టి ప్రభుత్వానికి పంపేదీ ఆ అమ్మాయే.

ఎర్విన్ జాకెట్ చంకలో పెట్టుకుని వచ్చి కూర్చున్నాడు. ఎదురుగా కాజ్ డెంబెక్ కూర్చున్నాడు. యార్డులో లోడరు నడిపేది అతనే.

"ఎర్వ్, ఆ ఆకు కాస్త కొరికి చూడు," అన్నాడు కాజ్. "క్యాబేజీ అయితే నాకో సగం పెట్టు."

బల్ల చుట్టూ నవ్వారు.

"అది సరే గాని, నా బొగ్గుగుట్ట సంగతేంటయ్యా? ఆఖరి ఓడ డిసెంబర్లో దించి పోయింది. సరస్సు కరిగి మళ్ళీ ఓడ వచ్చేదాకా గుట్ట ఉండాలి కదా. ఫిబ్రవరి దాటకముందే నా బకెట్‌కి నేల గీసుకుంటోంది. గాలి తింటోందా, లేకపోతే నువ్వేమైనా సంచిలో వేసుకుని ఇంటికి పోతున్నావా?"

"గాలే," అన్నాడు ఎర్విన్.

"ఏటేటా దానికి ఆకలి పెరుగుతోంది మరి."

మళ్ళీ నవ్వారు. ఎర్విన్ కూడా నవ్వాడు. ఆ నవ్వు తనకే నచ్చలేదు. ఫోర్కు పళ్ళెంలో పెట్టేశాడు.

కాటా సంగతి ఇది. బట్టీ గొట్టంలోంచి పైకి పోయే గాలిని పట్టి తూచడం అక్కడ ఎవరూ చెయ్యరు. బట్టీలోకి పోయే బొగ్గును తూస్తారు. దాన్ని బట్టి పైకి ఎంత పోయిందో లెక్క వేస్తారు. బొగ్గు బెల్టు మీద వస్తుంది. బెల్టు ఒకచోట ఇనుప చట్రం మీదుగా పోతుంది. ఆ చట్రమే కాటా. అది ఎంతంటే అంత. రిపోర్టూ అంతే, మాట ఇచ్చిన పది శాతమూ అంతే.

అయితే కాటాను కూడా చూసేవాడు కావాలి. అందుకు ఒక గొలుసు ఉంది. మనిషి ముంజేయంత లావు రోలర్లు గుచ్చిన ఇనుప గొలుసు. నెలలో మొదటి బుధవారం పొద్దున బొగ్గు బెల్టును గంటన్నర ఖాళీ చేస్తారు. ఇద్దరు మనుషులు, బెల్టుకు చెరో పక్కన నిలబడి, ఆ గొలుసును పైకి ఎత్తి చట్రం మీద పరుస్తారు. బెల్టు తిప్పుతారు. కాటా నాలుగు వందల పన్నెండు పౌన్లు చూపించాలి. ఒకటి అటూ ఇటూ అయితే పరవాలేదు. చూపించిన అంకె కాగితం మీద రాసి, టైము వేసి, సంతకం పెట్టాలి.

ఇరవై ఏడేళ్ళు ఆ గొలుసు రెండో కొస పట్టింది జెనో పిలార్స్కీ. మార్సీ తండ్రి. జనవరిలో ఇనుము చేతి తొడుగులకు అంటుకుని ఊడి రాకపోయినా జెనో ఒక్క బుధవారం తప్పనివ్వలేదు. "రేపు వేద్దాంలేరా అన్నామంటే రేపు రాదురా," అనేవాడు. మూడున్నరేళ్ళ కింద, జూన్‌లో అతను రిటైర్ అయ్యాడు. అతని చోట ఇంకో మనిషిని వెయ్యలేదు.

ఎర్విన్ మనిషిని అడిగాడు. చూస్తామన్నారు. జూలై, ఆగస్టు, సెప్టెంబరు చేతి పుల్లీ కట్టుకుని ఒక్కడే గొలుసు ఎక్కించాడు. సెప్టెంబర్లో నడుం పట్టేసింది. మెట్ల మీద అరగంట కూర్చుండిపోయాడు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ చూస్తామన్నారు.

అక్టోబరు మొదటి బుధవారం గొలుసు దాని కొక్కేనికే ఉంది. ఎర్విన్ కాటా గదిలో కూర్చుని కాగితం మీద నాలుగు వందల పన్నెండు అని రాశాడు. ఈ ఒక్కసారికే అనుకున్నాడు. నవంబర్లో నాలుగు వందల పదకొండున్నర రాశాడు. ప్రతిసారీ అదే అంకె ఉంటే ఎవరికైనా అనుమానం రావచ్చు కదా. డిసెంబర్లో నాలుగు వందల పన్నెండు పాయింట్ మూడు. అలా కాస్త పైకీ కాస్త కిందికీ. తర్వాత తర్వాత అతను దాన్నే తలుచుకునేవాడు. గొలుసు వెయ్యకపోవడం కన్నా ఆ పాయింటు మూడు తప్పుగా తోచేది. నడుం నొప్పి ఉన్నవాడు గొలుసు ఎత్తడు, సరే. పాయింటు మూడు ఎందుకు రాస్తాడు?

ఇలా నలభై ఒక్క నెలలు.

ఈ జనవరిలో కాజ్ మొదటిసారి గుట్ట సంగతి ఎత్తాడు. కాటా చూపించినదానికన్నా గుట్ట ఎక్కువ తరిగింది. ఆ రోజు ఎర్విన్ లాంతరు పట్టుకుని బెల్టు కిందికి దూరాడు. చట్రానికీ నేలకీ మధ్య నాలుగు వేళ్ళ సందు ఉండాలి. సందు లేదు. రాలిన బొగ్గుపొడి మంచు తడికి పేరుకుని పేరుకుని రాయిలా కట్టుకుపోయింది. చట్రం సగం దాని మీద కూర్చుంది. బొగ్గు బరువులో కొంత కాటా మీద పడకుండా ఆ గడ్డ మీద పడుతోంది. మూడేళ్ళుగా, గడ్డ పెరిగినకొద్దీ, కాటా తక్కువ చూపిస్తూ వచ్చింది. కంపెనీ కాల్చింది తక్కువేమీ కాదు. గొలుసు ఒక్కసారి వేసి ఉంటే ఆ నెలే బయటపడేది.

వేలితో పొడిచి చూశాడు. కదల్లేదు. గునపం తెచ్చి రెండు దెబ్బలు వేస్తే ఊడిపోతుంది. గునపం తెచ్చాడు కూడా. ఎత్తి, దించేశాడు. ఇవాళ ఊడగొడితే రేపటి నుంచి బొగ్గు ఒక్కసారిగా ఎక్కువ చూపిస్తుంది. ఎందుకు పెరిగిందని మార్సీ అడుగుతుంది. గునపం దాని చోట పెట్టేసి వచ్చాడు. ఫిబ్రవరి మొదటి బుధవారం కూడా కాగితం రాశాడు.

జాకెట్ ఇచ్చిన మర్నాడు మార్సీ కాటా గదికి వచ్చింది. చేతిలో రెండు కాఫీలు. ఆమెకు ముప్పై నాలుగేళ్ళు. చిన్నప్పటి నుంచి ఎర్విన్‌ని వూయెక్ అని పిలుస్తుంది. వాళ్ళ ఇళ్ళల్లో మేనమామను అలా పిలుస్తారు. ఆఫీసులో కూడా ఆ పిలుపు మానలేదు.

"వూయెక్, జాకెట్ ఏది? వేసుకోలేదేం?"

"ఇంట్లో ఉంది. మసవుతుందని."

"దాచుకుని దాచుకుని లొరెట్టా అత్త చేత పాతిపెట్టించుకుంటావా ఏంటి దాంతో." కాఫీ బల్ల మీద పెట్టి కూర్చుంది.  తర్వాత అంది, "కొత్త బట్టీ లేదంట."

ఎర్విన్ తలెత్తాడు.

మార్సీ మూడేళ్ళ నుంచి ఆ కొత్త బట్టీ కోసం పోరాడుతోంది. ఇప్పుడున్నది పడుకోబెట్టిన గొట్టం లాంటి బట్టీ, డెబ్బై ఏళ్ళది. నిలువు బట్టీ అయితే మూడోవంతు బొగ్గు తక్కువ తాగుతుంది. కంపెనీ సరేనంది. బొమ్మలు గీయించింది. ఒడ్డు పక్కన చోటు కూడా చదును చేయించింది.

"రాత్రి కంపెనీ బోర్డు వాళ్ళు ఫోన్ చేశారు," అంది మార్సీ. "పాతదానితోనే తొమ్మిది వచ్చేసింది కదా, ఇంకొకటి కూడా మీరే సర్దెయ్యగలరు, కొత్తదెందుకు అన్నారు. ఏమనాలి నేను? నా రిపోర్టే నా నోరు మూసేసింది."

ఎర్విన్ కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"తగ్గినందుకు సంతోషమే వూయెక్. కాదని కాదు. కాని నాకు అర్థం కావట్లేదు. అదే సున్నపురాయి, అదే బట్టీ, సున్నం కూడా అంతే వస్తోంది. బొగ్గు మాత్రం ఏటా మూడు చొప్పున మెట్లు దిగినట్టు దిగుతోంది. ఎందుకు తగ్గిందో నాలుగు ముక్కలు రాయమని ఫారంలో ఒక గడి ఉంది. ఆ గడి దగ్గరే ఆగిపోయాను. సోమవారం సంతకం పెట్టి పంపెయ్యాలి. నీకేమనిపిస్తోంది?"

అప్పుడు చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. ఆమె నుదుటి మీద జెనో లాగే నిలువు గీత ఉంది. ఆ గీతను చూస్తూ ఎర్విన్ అన్నాడు:

"మంచి బొగ్గు వస్తోందేమో."

"అవునా?"

"కొత్త గని నుంచి అంటున్నారుగా. వేడి ఎక్కువ ఇస్తుందేమో."

మార్సీ జేబులోంచి పెన్ను తీసి అరచేతిలో రాసుకుంది. "అదే రాస్తా అయితే. నువ్వన్నావంటే అయ్యే ఉంటుంది." లేచి అతని భుజం తట్టి వెళ్ళిపోయింది.

ఇన్నాళ్ళూ కాగితానికి అబద్ధం చెప్పాడు. ఇవాళ పిల్ల మొహం మీద చెప్పాడు. ఆ పిల్ల దాన్ని అరచేతిలో రాసుకుని పోయింది. ఎర్విన్ ఆ పూట ఇంకేమీ తినలేదు.

శుక్రవారం సాయంత్రం చర్చి హాల్లో చేపల భోజనం. ఈస్టరు ముందు ఉపవాసాల నలభై రోజుల్లో ప్రతి శుక్రవారమూ ఉంటుంది. అతని భార్య లొరెట్టా హాలు వంటింట్లో క్యాబేజీ తరుగుతోంది. ఎర్విన్ హాల్లోకి పోకుండా పక్క తలుపు గుండా చర్చిలోకి పోయి పాపం చెప్పుకునే గదిలో మోకరిల్లాడు. జాలీ అవతల ఫాదర్ లియో ఉన్నాడు. వేయించిన చేప వాసన అక్కడిదాకా వస్తోంది.

"కొన్ని కాగితాల మీద సంతకం పెట్టాను ఫాదర్. చెయ్యని పని చేశానని."

"ఎన్ని?"

"నలభై ఒకటి."

అవతల కాస్త కదిలిన చప్పుడైంది. "ఎవరికైనా దెబ్బ తగిలిందా?"

ఎర్విన్ ఆలోచించాడు. గాలి. ఆ గాలి ఎక్కడికి పోయిందో, ఎవరి మీదికి పోయిందో ఎలా చెప్పడం. తన చిన్నప్పుడు సరస్సు డిసెంబరుకే గట్టిపడేది. ఇప్పుడు జనవరి సగమైతే గాని మనిషి బరువు ఆపడం లేదు. అది తన కాగితాల వల్లనేనా? కాదు. అసలు కాదా అంటే అదీ చెప్పలేడు.

"తెలియదు ఫాదర్."

"అది తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"ఒకమ్మాయి ఉంది."

"అయితే నాకెందుకు చెబుతున్నావు బాబూ, వెళ్ళి ఆ అమ్మాయికి చెప్పు. చెప్పి రా, అప్పుడు చూద్దాం."

హాల్లోకి వచ్చేసరికి లొరెట్టా పళ్ళెం తెచ్చి ముందు పెట్టింది. "అంతసేపేంటి లోపల? బ్యాంకు దోచావా?"

"లేదు."

"పోనీ దోచినా బాగుండేది. వంటింటి నేలకు లినోలియం పట్టా వేయించుకునేదాన్ని." అతని మొహం చూసి నవ్వు ఆపింది. "ఏంటి ఎర్వ్?"

"రేపు చెబుతా," అన్నాడు. అన్నాక జెనో మాట గుర్తొచ్చింది. పళ్ళెం పక్కకు జరిపి అక్కడే, గొంతు తగ్గించి, భార్యకు అంతా చెప్పాడు. లొరెట్టా విన్నంతసేపు తడి చేతులు ఏప్రానుకు తుడుచుకుంటూనే ఉంది.

"పెన్షన్‌కి ఎంతుంది?" అని అడిగింది ఆఖరికి.

"పంతొమ్మిది నెలలు."

"హుఁ," అంది. మళ్ళీ అంది, "మార్సీకి నేను పాలు పట్టాను. వాళ్ళమ్మకు జ్వరం వచ్చినప్పుడు." అంతే. లేచి క్యాబేజీ దగ్గరికి పోయింది.

శనివారం మధ్యాహ్నం మార్సీ గడ్డకట్టిన సరస్సు మీద ఉంది. మంచుకు కన్నం వేసి చేపలు పట్టే గుడిసెలన్నీ మార్చి పదిహేనో తారీకు లోపల సరస్సు మీద నుంచి తీసెయ్యాలని చట్టం. వాళ్ళ నాన్న కట్టిన చెక్క గుడిసె అంచులు మంచులో కూరుకుపోయాయి. గొడ్డలి వెనకవైపుతో కొట్టి కొట్టి ఊడదీస్తోంది. ఎర్విన్ ఒడ్డున ట్రక్కు ఆపి నడిచి వచ్చాడు. ఏమీ అనకుండా రెండో పక్క పట్టుకుని ఎత్తాడు. గుడిసె కర్రుమని కదిలింది.

"నడుం జాగ్రత్త వూయెక్."

"నడుం సంగతే చెబుదామని వచ్చాను."

చెప్పాడు. నడుం దగ్గర మొదలుపెట్టి, అక్టోబరు, పాయింటు మూడు, బెల్టు కింద గడ్డ, గునపం, అన్నీ. మంచి బొగ్గు మాట కూడా. చెబుతున్నంతసేపు మంచు వంకే చూశాడు. అయిపోయాక తలెత్తితే మార్సీ తన అరచెయ్యి చూసుకుంటోంది. రాసుకున్నది ఎప్పుడో కడుక్కుపోయింది.

"మనిషి కావాలని అడగలేకపోయావా?"

"అడిగాను. రెండుసార్లు."

"మూడోసారి?"

"అడగలేదు. రాయడం తేలికైంది."

"నన్ను పిలవచ్చుగా. ఫోన్ చేస్తే నేనొచ్చి పట్టేదాన్ని కదా ఆ కొస."

ఎర్విన్‌కు ఆ ఆలోచన ఈ మూడున్నరేళ్ళలో ఒక్కసారి కూడా రాలేదు. ఆమె ఆఫీసు కాటా గదికి రెండు వందల అడుగుల దూరం. 

"రెండు రిపోర్టులు పోయాయి నా పేరు మీద," అంది మార్సీ. గొంతు పెద్దది చెయ్యలేదు. "కింద ఏమని ఉంటుందో తెలుసా? ఇందులో రాసింది నిజమని నాకు తెలుసు అని ఉంటుంది. దాని కింద నా సంతకం. ఉక్కు మిల్లుల వాళ్ళు ఆ కాగితం చూపించి వాళ్ళ సరుకు అమ్ముకుంటున్నారు. బోర్డు ఆ కాగితం చూపించి బట్టీ ఆపేసింది." తాడు అతని వైపు విసిరింది. "ట్రక్కుకు కట్టు. ముందు దీన్ని ఒడ్డుకు లాగుదాం. సోమవారం పొద్దున ఏడింటికి కాటా దగ్గర ఉండు. తొడుగులు తెచ్చుకో."

సోమవారం మార్సీ బొగ్గు బెల్టు ఆపించింది. బట్టీ పైన తొట్టిలో మూడు గంటలకు సరిపడా బొగ్గు ఉంది. కొక్కేనికి ఉన్న గొలుసు తుప్పు పట్టి ఉంది. ఒక కొస ఎర్విన్ పట్టాడు. ఇంకో కొస మార్సీ పట్టింది. ఎత్తేటప్పుడు ఆమె ఒకటి, రెండు అని లెక్కపెట్టలేదు. వాళ్ళ నాన్న లాగే ఊపిరి బిగించి, గడ్డం ఒకసారి ఎగరేసింది. ఎర్విన్‌కు ఎప్పుడు ఎత్తాలో తెలిసింది. పరిచారు. బెల్టు తిప్పారు.

మూడు వందల డెబ్బై ఆరు.

మళ్ళీ తిప్పారు. మూడు వందల డెబ్బై ఆరు. మార్సీ బెల్టు కిందికి దూరి, బోర్లా పడుకుని చేత్తో తడిమింది. బయటికి వచ్చి, మోకాళ్ళకు అంటిన మసి దులుపుకోకుండా మేనేజరు ఆఫీసు వైపు నడిచింది. ఎర్విన్ వెనకాలే వెళ్ళాడు.

గొలుసు చూపించిన అంకె, బెల్టు కింద గడ్డ సంగతి మార్సీ చెబితే టాల్మన్ విన్నాడు. చెడ్డవాడేం కాదు. రెండేళ్ళ కింద ఒహాయో నుంచి వచ్చాడు. లేచి తలుపు వేసి వచ్చి కూర్చున్నాడు.

"కాటా పాడైంది," అన్నాడు. "యంత్రాలు పాడవుతుంటాయి. అందులో ఎవరి తప్పూ లేదు. ఈ చలికాలం మరీ తడి ఎక్కువ. డిసెంబరులో గడ్డ కట్టి ఉంటుంది. డిసెంబరు అయితే ఈ రిపోర్టులో ఒక్క నెల దిద్దితే చాలు. ముందువి కదిలించక్కర్లేదు." ఎర్విన్ వైపు తిరిగాడు. "కాటా చివరిసారి సరిగ్గా చూపించింది నవంబర్లో అనుకోవచ్చా ఎర్విన్? తొందరలేదు, బాగా గుర్తు చేసుకోండి. మీకింక పెన్షన్‌కి ఎన్నాళ్ళో లేదు. మార్సీ పేరు కూడా రెండు పాత రిపోర్టుల మీద ఉంది. ఆ అమ్మాయి ఇంకా ముప్పై ఏళ్ళు పనిచేసుకోవాలి."

ఎర్విన్ మార్సీని చూశాడు. అవునను అనో, కాదను అనో ఒక్క సైగ చేస్తే బాగుండుననుకున్నాడు. ఆమె కిటికీలోంచి, ఒడ్డు పక్కన చదును చేసిన చోటు చూస్తోంది. అక్కడ మంచు మీద నాలుగు హద్దు కర్రలు, వాటికి గులాబీ రంగు రిబ్బన్లు ఉన్నాయి. నవంబరు అంటే ఆమె పేరు మిగులుతుంది. నిజం చెబితే తన తప్పు ఆమె తల మీద పడుతుంది. ఇన్నాళ్ళూ చెప్పకుండా ఉన్నదీ ఆమె కోసమేనని ఒక్క క్షణం అనిపించింది. అదీ అబద్ధమేనని వెంటనే తెలిసింది.

"మూడేళ్ళ కిందటి సెప్టెంబరు," అన్నాడు.

"ఏమిటి?"

"కాటాకు చివరిసారి గొలుసు వేసింది. మొన్నటి సెప్టెంబరు కాదు, దానికి మూడేళ్ళ ముందుది. ఆ తర్వాత వెయ్యలేదు."

"కాగితాలున్నాయి కదా ప్రతి నెలా."

"నేనే రాశాను. గదిలో కూర్చుని."

టాల్మన్ కుర్చీలో వెనక్కి వాలాడు. కాసేపు కళ్ళు నులుముకున్నాడు. "మీరు ఇంటికెళ్ళి ఆలోచించుకుని రేపు రండి."

"ఆలోచించడం అయిపోయింది," అన్నాడు ఎర్విన్. "కాగితం ఇవ్వండి, రాసిస్తాను."

కాగితం ఇచ్చారు. నాలుగు వాక్యాలు రాయడానికి చాలాసేపు పట్టింది. మనిషి కావాలని రెండుసార్లు అడిగిన సంగతి రాద్దామని పెన్ను పెట్టాడు. నిజమే కదా. కాని అది రాస్తే మిగతాది చిన్నదైపోయేట్టు ఉంది. మానేశాడు. టాల్మన్ చదివి, పెద్ద ఆఫీసుకు ఫోన్ చెయ్యాలి అని గొణిగాడు. "ఇవాళ్టి నుంచి మీరు కాటా దగ్గరికి పోవద్దు ఎర్విన్. తర్వాత ఏమిటో నేను చెప్పలేను."

"సరే."

వరండాలో మార్సీ అతన్ని ఆపింది. బాగుందనో, ధైర్యం చేశావనో ఏమైనా అంటుందేమోనని ఒక్క రవ్వంత ఆశపడ్డాడు. పడినందుకు సిగ్గేసింది.

"రెండు రిపోర్టులు వెనక్కి తెప్పించాలి," అంది. "మూడోది కొత్తగా రాయాలి. ఏ నెల కాగితం తప్పో ఒక్కొక్కటి నీ చేత రాయించుకోవాలి. ఇప్పుడే కూర్చుందాం. మళ్ళీ నిన్ను గేటు లోపలికి రానిస్తారో లేదో తెలియదు."

ఆమె గదిలో బీరువాలోంచి ఒక ఫైలు తీసింది. నలభై ఒక్క కాగితాలు. ఆమె నెలా ఏడాదీ చదవాలి. అతను ఏం చేశాడో చెప్పాలి. తర్వాత కాగితానికి అడ్డంగా ఆ మాటే రాసి, పేరు పొడి అక్షరాలు వెయ్యాలి. అంతే పని.

"అక్టోబరు, మొదటి బుధవారం," అని చదివింది.

"వెయ్యలేదు."

"నవంబరు."

"వెయ్యలేదు."

మొదటి నాలుగైదూ ఆగి ఆగి రాశాడు. తర్వాత ఆగలేదు. అది ఇంకా అధ్వాన్నంగా అనిపించింది. ఇవి రాసేటప్పుడు కూడా ఇలాగే అలవాటు పడ్డాడు. ఆ నెలల్లో ఏం జరిగిందో, మంచు ఎంత పడిందో ఏదైనా గుర్తొస్తుందేమోనని చూశాడు. ఏమీ గుర్తు రాలేదు. ఏమీ జరగని నెలలు కాబట్టి. కిటికీ బయట కాజ్ లోడరు గుట్ట అడుగు గోకుతోంది. బకెట్ నేలకు రాసుకునే చప్పుడు లోపలికి వినిపిస్తోంది.

ఇరవయ్యో కాగితం దగ్గర మార్సీ చదవలేదు. కాగితం చేతిలో పట్టుకుని ఉండిపోయింది.

"మే," అంది తర్వాత. "మొదటి బుధవారం. తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా గొలుసు వేశాను అని ఉంది. నాలుగు వందల పదకొండు పాయింట్ ఎనిమిది."

ఎర్విన్ చెయ్యి పెన్ను మీద ఆగిపోయింది.

"ఆ పూట నువ్వు చర్చి మెట్ల మీద ఉన్నావు వూయెక్. మా నాన్న శవపేటిక మోస్తూ, ఎడమ పక్క."

"అవును."

"మరి ఇదెప్పుడు రాశావు?"

"మర్నాడు. బుధవారం తారీకే వెయ్యాలి కదా అని, వేశాను."

 ఎర్విన్ ఆమె మొహం వైపు చూడలేకపోయాడు. ఆమె వేలు కాగితం మీద తారీకు చుట్టూ మెల్లగా తిరిగింది.

"ఈ కాగితం ఆ నెలాఖరున నా చేతికొచ్చింది," అంది. "అంకె ఎక్కించుకున్నాను. తారీకు చూడలేదు. మా నాన్నను పూడ్చిన రోజు, నేనే చూడలేదు."

నీ తప్పేముంది పిల్లా అనబోయాడు ఎర్విన్. ఆ మాట అనే హక్కు తనకు లేదని తోచి నోరు మూసుకున్నాడు. ఆమె కాగితం అతని ముందుకు జరిపింది. అడ్డంగా రాశాడు. రాస్తుంటే అక్షరాలు వంకర పోయాయి. మళ్ళీ దిద్దాడు. మార్సీ దాన్ని తీసుకుని మిగతావాటి మీద బోర్లా పెట్టి, ఇంకోటి అందుకుంది.

"జూన్," అంది. గొంతు సరిచేసుకుని మళ్ళీ చదివింది. "జూన్, మొదటి బుధవారం."

"వెయ్యలేదు," అన్నాడు ఎర్విన్.